రేడియేటర్ నీళ్లు, కుడితి బకెట్టు: పాడి పెట్టుకున్న అమ్మాయికి పెద్దనాయన ఉత్తరం

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దనాయన దీవించి రాసేది.

మొన్న నువ్వు ఫోనులో చెప్పింది విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. మెకానిక్కు ట్రాక్టరు రేడియేటర్ విప్పి, లోపలి పచ్చ నీళ్లు మీ కుడితి బకెట్టులోకి పట్టి, కొట్టం గోడ పక్కన పెట్టి టీ తాగడానికి పోయాడన్నావు. దూడ మూతి పెట్టబోతుంటే నువ్వు చూసి పారబోశావు. "రంగు చూసి భయపడి పారబోశా గానీ అది విషమని నాకు తెలీదు పెద్దనాయనా. అయినా నీళ్లు గడ్డకట్టే చలే లేని మన ఊర్లో యాంటీఫ్రీజ్ ఏంది?" అని అడిగావు. పారబోసిన చోట మట్టి జానెడు లోతు తీసెయ్యమని మాత్రం చెప్పి పెట్టేశాను. మిగతాది ఫోనులో చెబితే నిలవదు, అందుకే రాస్తున్నా. చదివాక అల్లుడికి ఇవ్వు. పేడ ఎత్తే మనిషికి, ట్రాక్టరు డ్రైవరుకి నువ్వే చదివి వినిపించు.

ముందు నీ ప్రశ్న. చలి దేశాల్లో యాంటీఫ్రీజ్ అనేదే మన దగ్గర కూలెంట్. అక్కడ చలికాలంలో ఇంజనులో నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగలకుండా పోస్తారు. ఇక్కడ ఎండకు రేడియేటర్ మరగకుండా, లోపల తుప్పు పట్టకుండా పోస్తారు. ఎందుకు పోసినా చాలా కూలెంట్లలో ఉండే సరుకు ఒకటే, ఇథిలీన్ గ్లైకాల్. దానికి సొంత రంగు లేదు, చెప్పుకోదగ్గ వాసనా లేదు, రుచి మాత్రం తీపి. పచ్చ, ఎరుపు, నీలం రంగులన్నీ తయారుచేసేవాళ్లు కలిపినవే. ట్రాక్టరు, కారు, లారీ, జనరేటరు, బోరు బండి కంప్రెసరు, ఏ పెద్ద ఇంజనులోనైనా ఇది ఉండొచ్చు. అమెరికాలో పిల్లలూ కుక్కలూ తాగి చనిపోతున్నాయని ఏళ్ల తరబడి గోల జరిగి, 2012 డిసెంబరులో అక్కడి తయారీదారులు దుకాణాల్లో అమ్మే కూలెంట్లో చేదు మందు కలపడానికి ఒప్పుకున్నారు. నీ డబ్బా మీద చేదు కలిపినట్టు రాసి లేకపోతే అది తియ్యగానే ఉందనుకో. రాసి ఉన్నా ధైర్యపడొద్దు. ఎండలో తిరిగొచ్చి దాహంతో ఉన్న పశువు చేదని ఆగుతుందని చెప్పలేం.

ఎంత తాగితే ప్రమాదమో లెక్క చెబుతా, గుర్తుపెట్టుకో. ఇంకా పాల మీదే ఉన్న దూడకు కిలో బరువుకు 2 మిల్లీలీటర్ల ఇథిలీన్ గ్లైకాల్ ప్రాణం తీస్తుంది. నెమరు వేసే పెద్ద పశువుకు కిలోకు 5 నుంచి 10 మి.లీ. దాకా కావాలి. నీ జెర్సీ దూడ 40 కిలోలుందనుకో, 80 మి.లీ. చాలు. రేడియేటర్లో సగానికి సగం నీళ్లు కలిపి ఉంటే 160 మి.లీ. మనం మంచినీళ్లు తాగే స్టీలు గ్లాసు నిండా కూడా అక్కర్లేదు. 400 కిలోల ఆవుకు సగం నీళ్లు కలిపిన కూలెంట్ 4 నుంచి 8 లీటర్లు కావాలి. అది ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ ట్రాక్టరు రేడియేటర్ ఖాళీ చేస్తే దిగేది ఇంచుమించు 8, 10 లీటర్లు. దాహం మీదున్న ఆవు అంత ద్రవాన్ని ఒక్క గుక్కలో లాగేస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే దానికి కిలోకు ఒకటిన్నర మి.లీ. చాలు. కొట్టం దగ్గర తిరిగే పిల్లో కుక్కో తాగినదానిలా తూలుతుంటే, దాని సంగతి చూస్తూనే పశువుల తొట్లన్నీ ఒకసారి తొంగి చూడు.

నేను పశువుల డాక్టరుగా ఉండి కూడా చూడనిది ఆ తొట్టే. ఇది మీ నాన్నకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

రిటైరవడానికి రెండేళ్ల ముందు సంగతి. ఒక రైతు ఇంటికి పొద్దున్నే పిలిచారు. రెండు నెలల పెయ్యదూడ. వెనక కాళ్లు పట్టు లేక ఊగుతోంది, తల వాల్చేసింది, ఊపిరి గబగబా తీస్తోంది. ఏం మేత పెట్టారని అడిగాను. దాణా ఏదని అడిగాను. నట్టల మందు ఎప్పుడు తాగించారని అడిగాను. మెదడుకు సంబంధించిన జబ్బేమోననీ, బి1 విటమిన్ లోపమేమోననీ అనుకుని దానికి ఇంజెక్షన్ చేసి, గ్లూకోజు ఎక్కించాను. సాయంత్రానికి కొంచెం తేరుకున్నట్టు కనపడింది. లేచి నిలబడింది కూడా. నేను సంతోషపడి వెళ్లిపోయాను. మర్నాడు మేత ముట్టలేదు, ఉచ్చ పోయలేదు. మూడో రోజు పొద్దున చచ్చిపోయింది. కోసి చూస్తే మూత్రపిండాలు రెండూ పాలిపోయి ఉబ్బి ఉన్నాయి. కత్తి పెడితే ఇసుక కోసినట్టు కరకరమంది. అప్పుడు వెనక నిలబడిన పదేళ్ల పిల్లాడు అన్నాడు, "బోరు బండోళ్లు మా గాబు పక్క తొట్లో పచ్చనీళ్లు పోసినారు సార్" అని. నన్ను పిలిచిన ముందురోజు రాత్రి వాళ్ల చేలో బోరు వేశారు. కంప్రెసరు నీళ్లు మార్చారు. ఆ బండి ఇంటివాళ్ల బంధువుది కాబట్టి పెద్దవాళ్లు నోరు మెదపలేదు. నేనూ అడగలేదు. నేను నిలబడ్డ చోటికి ఆ తొట్టి పది అడుగుల దూరం. వాళ్లు దాచారు సరే, నాకు కళ్లున్నాయి కదా. ఆ మొదటి పూట నాకు తెలిసి ఉంటే ఆ దూడను కాపాడటానికి ప్రయత్నించే అవకాశం ఉండేది. ఆ తర్వాత నేను చూసిన ప్రతి కొట్టంలోనూ పశువును ముట్టుకునే ముందు తొట్టి చూశాను.

ఆ దూడ సాయంత్రం ఎందుకు తేరుకుందో చెబుతా, ఎందుకంటే నువ్వు మోసపోయేదీ అక్కడే. గ్లైకాల్ కడుపులోకి పోయిన గంటలోనో, నాలుగైదు గంటల్లోనో మత్తెక్కినట్టు తూలుతుంది. ఎక్కువ నీళ్లు తాగుతుంది, ఎక్కువ ఉచ్చ పోస్తుంది. ఆ మత్తు దిగాక బాగైనట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం పని అప్పటికే మొదలై ఉంటుంది. సారాను అరిగించే ఎంజైము కాలేయంలో ఒకటుంది. అదే ఈ గ్లైకాల్‌నూ పట్టుకుని ముక్కలు చేస్తుంది. గ్లైకాల్ కన్నా ఆ ముక్కలే అసలు విషం. ముందు వచ్చేవి రక్తంలో పులుపు పెంచుతాయి. అందుకే పశువు రొప్పుతుంది. చివర వచ్చేది ఆక్సాలిక్ ఆమ్లం. అది రక్తంలో కాల్షియాన్ని పట్టుకుని, సన్నని గాజు పెంకుల్లాంటి పలుకులై మూత్రపిండాల గొట్టాల్లో ఇరుక్కుంటుంది. నా కత్తి కింద కరకరలాడినవి అవే. ఒకటి నుంచి మూడు రోజుల్లో ఉచ్చ తగ్గిపోతుంది, పశువు పడిపోతుంది. కొన్నిటికి ముక్కు నుంచి రక్తం రావడం, ఉచ్చ ఎర్రగా రావడం కూడా ఉంది.

రక్తంలో కాల్షియం తగ్గిపోతుంది కాబట్టి ఈనిన ఆవుకు ఇది వస్తే అచ్చం పాలజ్వరంలా ఉంటుంది. కాల్షియం సీసా ఎక్కిస్తే కొంచెం లేస్తుంది, మళ్లీ పడుతుంది. పాలజ్వరం అయితే ఒకటి రెండు సీసాలతో తేలిపోవాలి. తేలకపోతే డాక్టరుకు నువ్వే గుర్తు చెయ్యి, ఇంట్లో ఇంజన్లున్నాయని.

నాముతో, అంటే జొన్నలోని సయనైడు విషంతో, పొరబడే వీలు తక్కువ గానీ చెబుతా. నీ చేలో జొన్న వేశావు కాబట్టి. లేత జొన్న, వానల్లేక గిడసబారిన జొన్న, కోసిన మోళ్ల మీద వచ్చిన పిలకలు తింటే వచ్చే నాము నిమిషాల్లో, మహా అయితే గంట రెండు గంటల్లో పడేస్తుంది. రక్తం బాగా ఎర్రగా మెరుస్తుంది. దాని మందు వేరు, దీని మందు వేరు. నాముకు డాక్టర్లు సోడియం నైట్రైట్, హైపో (సోడియం థయోసల్ఫేట్) ఇస్తారు. అవి కూలెంట్‌కు పనికిరావు. ఏ విషమో చెప్పకుండా "ఏదో తిన్నట్టుంది డాక్టరుగారూ" అంటే మందు గుడ్డిగా పడుతుంది.

ఇక తాగిందని తెలిసినా, అనుమానం వచ్చినా ఏం చెయ్యాలి? ముందు మిగతా పశువుల్ని అక్కణ్ణుంచి తప్పించు. ఆ బకెట్టు పారెయ్యొద్దు, ఉన్నది ఉన్నట్టు మూత పెట్టి ఎత్తి పెట్టు. కూలెంట్ డబ్బా దొరికితే దాన్నీ పక్కన పెట్టు. టైము చూసుకో. తర్వాత మీ ఊరి పశువుల డాక్టరుకు ఫోను చెయ్యి, దొరక్కపోతే 1962కు చెయ్యి, అంబులెన్సు బండి వస్తుంది. చెప్పేటప్పుడు "రేడియేటర్ కూలెంట్ తాగింది, ఇంచుమించు ఇంత, ఇన్ని గంటలకు, దూడ వయసు ఇంత, బరువు ఇంత" అని ఈ ఐదు ముక్కలూ చెప్పు. ఎందుకంటే దీనికి విరుగుడు ప్రతి డాక్టరు సంచిలో ఉండదు. ముందే తెలిస్తే దారిలోనే ఏర్పాటు చేసుకుని వస్తాడు.

విరుగుడు ఏమిటో చెబితే నీకు నవ్వొస్తుంది గానీ నిజం. శుద్ధమైన ఆల్కహాల్, పలచన చేసి నరంలోకి ఎక్కిస్తారు. ఆ ఎంజైముకు గ్లైకాల్ కన్నా ఆల్కహాల్ మీద మోజెక్కువ. దాంతో ఆల్కహాల్‌ను అరిగించే పనిలో పడి గ్లైకాల్‌ను వదిలేస్తుంది. వదిలేసిన గ్లైకాల్ విషంగా మారకుండానే ఉచ్చలో బయటికి పోతుంది. దానితోపాటు రక్తంలో పులుపు విరవడానికి సోడా బైకార్బొనేట్, సెలైన్, అవసరమైతే కాల్షియం ఇస్తారు. ఇదంతా మొదటి గంటల్లో చేస్తేనే. పలుకులు మూత్రపిండాల్లో పేరుకున్నాక ఆల్కహాల్ ఎంత పోసినా లాభం లేదు. అందుకే దూడ తూలుతున్నప్పుడే పిలువు, పడుకునేదాకా ఆగొద్దు.

ఇది చదివి ఎవరైనా సారా సీసా తెచ్చి నోట్లో పోస్తామంటే చేతులు పట్టుకుని ఆపు. మత్తులో ఉన్న పశువు సరిగ్గా మింగలేదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె, మజ్జిగ, చింతపండు రసం కూడా అంతే. ఎన్ని దూడలు విషంతో కాకుండా గొట్టంతో బలవంతంగా పోసినదానితో చచ్చిపోయాయో నేను చూశాను. బొగ్గుపొడి చాలా విషాలకు మంచిదే గానీ గ్లైకాల్‌ను అది పెద్దగా పట్టుకోదు. మంచినీళ్లు మాత్రం ముందు పెట్టు, తనంతట తాను తాగినంత తాగనివ్వు. పడిపోతే పక్కకు ఒరగనివ్వకుండా రెండు వైపులా గడ్డి మూటలు పెట్టి రొమ్ము మీద కూర్చోబెట్టు, లేకపోతే కడుపు ఉబ్బుతుంది. ఉచ్చ పోస్తే శుభ్రమైన సీసాలో కొంచెం పట్టి ఉంచు. పాలిచ్చే ఆవైతే ఆ పాలు కేంద్రానికి పొయ్యొద్దు, ఇంట్లో వాడొద్దు, దూడకూ తాగించొద్దు. మళ్లీ ఎప్పుడు పొయ్యాలో డాక్టరు చెప్పాలి. ఒక పూట పాల డబ్బు పోయిందని బాధపడకు తల్లీ.

ఇంకో చిట్కా. కొన్ని కూలెంట్లలో కారుతున్న చోటు కనిపెట్టడానికి వెలుగిచ్చే రంగు కలుపుతారు. దొంగనోట్లు చూసే నీలం దీపం ఉంటుంది చూడు, అంగళ్లలో. చీకటి చేసి దాన్ని దూడ మూతి మీద, ఉచ్చ సీసా మీద వేస్తే పచ్చగా మెరిస్తే అనుమానం బలపడుతుంది. మెరవనంత మాత్రాన తాగలేదని నిర్ధారించుకోకు, ఆ రంగు లేని కూలెంట్లూ ఉన్నాయి.

ఇప్పుడు నువ్వు ఎక్కువ జాగ్రత్తగా చదవాల్సిన సంగతి. ఈనిన నెల లోపల ఆవు మేత తగ్గించి, పాలు తగ్గి, నోరు తీపి వాసన వేస్తుంటే అది కీటోసిస్. దానికి మేము ప్రొపిలీన్ గ్లైకాల్ తాగిస్తాం, రోజుకు 250, 300 మి.లీ. చొప్పున మూడు నుంచి ఐదు రోజులు. కాలేయం దాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. పేరులో ముందు ముక్క ఒక్కటే తేడా. ప్రొపిలీన్ అయితే మందు, ఇథిలీన్ అయితే మరణం. రెండూ చిక్కగా, తియ్యగా, చేతికి జిగురుగా ఉంటాయి. "గ్లైకాల్ తాగిస్తే ఆవు లేస్తుంది" అని డాక్టరు నోట విన్న మనిషి షెడ్డులో గ్లైకాల్ అని రాసి ఉన్న డబ్బా తీయడానికి ఎంతసేపు? నీ కొట్టంలో ఈ రెండూ ఒకే గూట్లో ఉండకూడదు. మందు ఇంట్లో, కూలెంట్ ట్రాక్టరు షెడ్డులో తాళం వేసి. కెమికల్ అంగట్లో డ్రమ్ములోంచి లూజుగా పోసిచ్చే గ్లైకాల్, గ్లిజరిన్ చవగ్గా వస్తుందని పశువుకు కొనొద్దు. మనుషుల మందుల్లోనే ఈ పొరపాటు జరిగింది. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందు సిరపులో ఈ కుటుంబానికే చెందిన డైఇథిలీన్ గ్లైకాల్ వాడితే వందమందికి పైగా చనిపోయారు. 1986లో ముంబయిలో అదే విషం కలిసిన గ్లిజరిన్ తాగించిన రోగుల్లో 14 మంది పోయారు. అంత పరీక్షలున్న మనుషుల మందుకే అట్లా అయితే, డ్రమ్ములోంచి పశువుకు పోసేదాన్ని ఎవరు పరీక్షిస్తారు? సీల్ ఉన్న సీసా, పశువుల మందుల షాపు, బిల్లు. ఈ మూడూ ఉంటేనే.

కూలెంట్ మార్చే రోజు మెకానిక్కు పక్కన నువ్వో అల్లుడో ఉండండి. పశువుల్ని ముందే చేలోకి తోలించు. దించడానికి వెడల్పాటి ట్రే ఒకటి విడిగా కొను, ఎర్ర పెయింటు కొట్టు, దాన్ని ఇంకేదానికీ వాడొద్దు. పాతది మూతున్న క్యానులో పోసి, కూలెంట్ అని తెలుగులో రాసి, సర్వీసు చేసేవాళ్లకు తిరిగి అప్పగించు. కూల్‌డ్రింకు సీసాలో ఎప్పుడూ పొయ్యొద్దు, పిల్లలున్న ఇల్లు. వాడిన కూలెంట్లో రేడియేటర్ అతుకుల నుంచి కరిగిన సీసం కూడా ఉండొచ్చు కాబట్టి కాలవలోకి పంపడం ఇంకా తప్పు. నేల మీద పడితే ఊకో రంపపు పొట్టో చల్లి, పీల్చుకున్నాక ఎత్తి గోనెలో కట్టు. ఆ ఊకను కొట్టం పక్క వదిలితే ఆవులు నాకుతాయి, మళ్లీ మొదటికి వస్తుంది.

నాకడం మాట వచ్చింది కాబట్టి. పశువు గ్రీజు, పాత బ్యాటరీ, ఇంజను ఆయిలు డబ్బా నాకుతోందంటే దానికి ఉప్పూ భాస్వరమూ తక్కువై ఉండొచ్చు. ఖనిజ లవణ మిశ్రమం దాణాలో రోజూ కలుపు, ఉప్పు దిమ్మ కట్టు. నీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంచు. ఎండాకాలంలో పాలిచ్చే ఆవు రోజుకు 80, 100 లీటర్లు తాగుతుంది. మీ గాబు మధ్యాహ్నానికి ఎండిపోవడం పోయిన వేసవిలో నేనే చూశాను. కూలెంట్ వైపు పశువును తోలేది ఆ ఎండిన గాబే.

ఇంత చేసినా ఒకటి పోతే, ఏడుస్తూ వెంటనే పూడ్చెయ్యొద్దు. డాక్టరు చేత కోయించు. మూత్రపిండం ముక్క ఫార్మలిన్‌లో, ఉచ్చ, పొట్టలో ద్రవం, బకెట్టులో మిగిలింది, అన్నీ విడివిడి సీసాల్లో ల్యాబుకు పంపుతాడు. మూత్రపిండాల్లో పలుకులు కనపడటం ఒక్కటే చాలదు. పాయలకూర, తోటకూర జాతి కలుపు విపరీతంగా మేసినా అవే పలుకులు వస్తాయి. బకెట్టు ఎత్తి పెట్టమన్నది అందుకే. బీమా ఉంటే చెవి పోగు తియ్యకుండా కంపెనీకి ముందు ఫోను చెయ్యి, పోస్టుమార్టం కాగితం లేకపోతే క్లెయిము రాదు. తర్వాత లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చి, పైన ముళ్లకంప వెయ్యి, కుక్కలు తవ్వకుండా.

ఎవరి చేతి మీదుగా జరిగినా వాళ్ల మీద అరవకు, ముఖ్యంగా డాక్టరు వచ్చేదాకా. మెకానిక్కైనా, డ్రైవరైనా, మీ ఇంటి పిల్లాడైనా భయపడితే దాస్తారు. ఆ పెయ్యదూడ ఇంట్లో పెద్దవాళ్లు దాచినట్టే. "ఏం పోశావు, ఎంత పోశావు, ఎప్పుడు పోశావు" అని నెమ్మదిగా అడిగితే చెబుతారు.

ఆ కుడితి బకెట్టు ఎంత కడిగినా మళ్లీ కుడితికి వాడొద్దు, అడుగు చిల్లు పెట్టెయ్. మెకానిక్కు తెచ్చిన కొత్త కూలెంట్ డబ్బా వెనక వైపు ఫొటో తీసి పంపు, చిన్న అక్షరాలు కనపడేటట్టు. అందులో ఏ గ్లైకాలో, ఎంత శాతమో చూసి చెబుతా. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ నీలం దీపం నాదే తెస్తాను.

ఇట్లు,
మీ పెద్దనాయన